మొదటి సొంత బిల్డ్: 9700ఎక్స్‌కి లిక్విడ్ కూలరా, టవర్ కూలరా?

#1 మొదటిబిల్డ్

అందరికీ నమస్కారం. నా చేత్తో అసెంబుల్ చేయబోతున్న మొదటి పీసీ ఇది. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్‌తోనే నెట్టుకొచ్చాను. మిగతావన్నీ ఖాయమైపోయాయి, కూలర్ దగ్గర మాత్రం ఆగిపోయాను.

ప్రాసెసర్ రైజెన్ 7 9700ఎక్స్. బాక్సులో కూలర్ రాదు. గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4070 సూపర్. ర్యామ్ 32 జీబీ డీడీఆర్5, లైట్లున్న రకం. క్యాబినెట్ ముందు జాలీ ఉన్న మిడ్ టవర్. దాని వివరాల్లో కూలర్ ఎత్తు 160 మి.మీ. వరకు అని ఉంది. పైన 360 మి.మీ. రేడియేటర్ (లిక్విడ్ కూలర్‌లో నీటిని చల్లార్చే భాగం) పడుతుందని కూడా రాశారు.

పని ఏంటంటే డావిన్చీ రిజాల్వ్‌లో వీడియో ఎడిటింగ్, బ్లెండర్‌లో కొంచెం 3డీ పని, రాత్రిళ్లు గేమ్స్. వాయిస్ ఓవర్ కూడా ఈ టేబుల్ మీదే రికార్డ్ చేస్తాను.

ఏ వీడియో చూసినా 360 ఏఐఓ (పంపు, గొట్టాలు, రేడియేటర్ అన్నీ కలిసొచ్చే లిక్విడ్ కూలర్) పెట్టమంటారు. కింద కామెంట్లలో సగం మంది టవర్ కూలర్ (లోహపు రేకుల మీద ఫ్యాన్ గాలి ఊదే రకం) చాలంటారు. నీళ్లు కారి బోర్డు పోతుందేమోనని ఒక టెన్షన్, టవర్ పెడితే ప్రాసెసర్ వేడెక్కి స్లో అవుతుందేమోనని ఇంకో టెన్షన్. మీరేమంటారు?

#2 నీలిఅల

బ్రో, 360 పెట్టేయ్. నేను రెండు పీసీల్లో వాడుతున్నాను, ఎక్కడా ఇబ్బంది రాలేదు. ప్రాసెసర్ చుట్టూ ఖాళీగా ఉంటుంది, ర్యామ్ ఎంత ఎత్తున్నా అడ్డం రాదు, లోపల చూడ్డానికి కూడా నీట్‌గా ఉంటుంది. రేపు ఇంతకంటే పెద్ద ప్రాసెసర్ వేసినా కూలర్ మార్చక్కర్లేదు.

#3 రాగిగొట్టం

కాస్త ఆగండి. ఏ కూలర్ అన్నది తర్వాత. ముందు తేలాల్సింది ఈ ప్రాసెసర్ ఎన్ని వాట్లు తాగుతుందన్నది. మనం కూలర్‌తో బయటికి పంపేది ఆ వాట్లనే. ప్రాసెసర్ తీసుకున్న కరెంటు దాదాపు మొత్తం వేడిగానే బయటికొస్తుంది. 250 వాట్ల చిప్పుకి చెప్పిన సలహాని 90 వాట్ల చిప్పుకి వాడితే ఉత్త దండగ. వీడియోల్లో ఎక్కువగా చూపించేది పై తరగతి ప్రాసెసర్లు, అందుకే ప్రతిచోటా 360 కనిపిస్తుంది.

9700ఎక్స్ ఆ జాతిది కాదు.

#4 సున్నాఒకటి

అంకెలు నేను చెప్తాను. 9700ఎక్స్ 2024 ఆగస్టులో వచ్చింది. ఎనిమిది కోర్లు, 65 వాట్ల టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క). కానీ రైజెన్ తయారుచేసే ఏఎండీ విషయంలో టీడీపీ చూసి ఊరుకోకూడదు, పీపీటీ అనే ఇంకో అంకె ఉంటుంది. సాకెట్‌కి వెళ్లే మొత్తం కరెంటుకి అదే హద్దు. 65 వాట్ల తరగతిలో అది 88 వాట్లు. ఎంత పెద్ద రెండర్ (పూర్తి వీడియో తయారుచేసే పని) పెట్టినా బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, మీరు ఏమీ కదపనంతవరకు ఆ 88 దగ్గరే ఆగుతుంది.

పోల్చడానికి: 105 వాట్ల తరగతికి పీపీటీ 142, 7800ఎక్స్3డీ లాంటి 120 వాట్ల తరగతికి 162. ఇంటెల్ వైపు ఐ7-14700కే గరిష్ఠంగా 253 వాట్ల దాకా వెళ్తుంది. ఈ 253కీ మీ 88కీ మధ్య ఎంత తేడా ఉందో చూడండి.

#5 మొదటిబిల్డ్

థ్యాంక్స్ అండి, ఇదెక్కడా ఎవరూ చెప్పలేదు. కానీ రెండు సందేహాలు. ఒకటి, 88 వాట్లే అయితే ఈ కొత్త రైజెన్లు 95 డిగ్రీలకి వెళ్తాయని అందరూ ఎందుకంటున్నారు? రెండు, 95 దగ్గర నడిస్తే చిప్పు పాడవదా?

#6 సున్నాఒకటి

95 అనేది ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు. 2022లో రైజెన్ 7000 వచ్చినప్పుడు 7600ఎక్స్, 7950ఎక్స్ లాంటివి ఎక్కువ వాట్ల హద్దుతో వచ్చాయి. అవి వేడిలో ఖాళీ ఉన్నంతవరకు స్పీడు పెంచుకుంటూ పోయి 95 దగ్గర ఆగేవి. అది లోపం కాదు, అలా నడవడానికే తయారుచేశామని ఏఎండీయే చెప్పింది. హద్దు దాటబోతే ప్రాసెసర్ తనంతట తనే స్పీడు తగ్గించుకుంటుంది. అప్పటికీ అదుపు తప్పితే మిషన్ ఆపేసుకుంటుంది. కాబట్టి చిప్పు కాలిపోతుందన్న భయం వద్దు.

మీ 9700ఎక్స్‌కి మంచి టవర్ పెడితే ఆ 95 దాకా వెళ్లనే వెళ్లదు. దానికంటే ముందే 88 వాట్ల గోడ అడ్డొస్తుంది. అంటే పెద్ద కూలర్ పెడితే డిగ్రీలు తగ్గుతాయి గానీ స్పీడు పెరగదు. మీరు 360 కొనాలా వద్దా అన్నది తేల్చేది ఈ ఒక్క విషయమే.

ఇంకోటి కూడా ఉంది. ఈ చిప్పులో కోర్లున్న సిలికాన్ ముక్క సుమారు 70 చదరపు మి.మీ. మాత్రమే. చిటికెన వేలి గోరంత జాగా. అంత చిన్న చోట పుట్టిన వేడి పైనున్న మందపాటి లోహపు మూతలోంచి బయటికి రావాలి. సన్నటి మెడ ఉన్న సీసాని ఎంత పెద్ద గంగాళంలోకి వంచినా నీళ్లు ఆ మెడ పట్టినంతే వస్తాయి. అందుకే ఒక స్థాయి దాటాక కూలర్ సైజు పెంచినా ఒకటి రెండు డిగ్రీల కంటే పెద్దగా ఏమీ రాలదు.

#7 నీలిఅల

వాట్ల లెక్క ఒప్పుకుంటాను. కానీ లిక్విడ్ లాభాలు డిగ్రీలతోనే అయిపోవు. గంటల తరబడి రెండర్ పెట్టేవాళ్లకి నీళ్లు బాగా పనికొస్తాయి. నీరు వేడెక్కడానికి టైమ్ పడుతుంది కాబట్టి చిన్న చిన్న పనులకి ఫ్యాన్లు ఉలిక్కిపడవు. పైగా రేడియేటర్ పైన పెడితే ప్రాసెసర్ వేడి క్యాబినెట్‌లో తిరక్కుండా నేరుగా బయటికి పోతుంది. పీసీని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకెళ్లేవాళ్లకి మదర్‌బోర్డుకి కిలో బరువు వేలాడకపోవడం కూడా చిన్న విషయం కాదు. నాక్చువా ఎన్‌హెచ్-డి15 అనే టవర్ కూలర్ ఫ్యాన్లతో కలిపి 1.3 కిలోలు.

#8 నిశ్శబ్దం

నీలిఅల గారు చెప్పినవి నిజమే. కాకపోతే అడిగినవారు వాయిస్ ఓవర్ ఇదే టేబుల్ మీద అన్నారు. నేనూ ఇంట్లో రికార్డింగ్ చేస్తాను కాబట్టి నా మొదటి లెక్క చప్పుడు.

టవర్ కూలర్‌లో కదిలేది ఫ్యాన్ ఒక్కటే. రికార్డ్ చేస్తున్నప్పుడు ప్రాసెసర్‌కి పనుండదు, ఫ్యాన్ 600, 700 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతుంది. మైక్ అరచేయి దూరంలో ఉంటే అది వినబడదు. ఏఐఓలో పంపు మీకు పనున్నా లేకున్నా తిరుగుతూనే ఉంటుంది. దాని శబ్దం సన్నటి ఊళలా ఉంటుంది, చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది. కొన్ని పంపులు చాలా మెత్తగా నడుస్తాయి, స్పీడు తగ్గించుకునే వీలూ ఉంటుంది. కానీ మీకొచ్చే పీస్ ఎలా ఉంటుందో పెట్టి చూస్తే గానీ తెలియదు. గాలి హోరుని ఎడిటింగ్‌లో తేలిగ్గా తీసేయొచ్చు. ఒకే స్థాయిలో మోగే ఊళ మాట మధ్యలో దూరితే తీయడం కష్టం, రికార్డయిన గొంతు కూడా పాడవుతుంది.

కూలర్ ఏదైనా సరే, సమీక్షల్లో ఫ్యాన్ ఫుల్ స్పీడులో ఎన్ని డిగ్రీలొచ్చిందో చూడకండి. ఒకే శబ్దం దగ్గర ఏది ఎంత చల్లగా ఉంచిందో చూడండి. ఫుల్ స్పీడులో మీరు ఎప్పుడూ వాడరు.

#9 పిడుగు253

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది సరిగ్గా పైన చెప్పిన 14700కే. నాకూ టవర్ చాలంటారా?

#10 రాగిగొట్టం

మీకు మాత్రం 360 తీసుకోమనే చెప్తాను. అన్ని కోర్లూ రోజంతా నడిపే పనైతే 253 వాట్లని టవర్ ప్రశాంతంగా లాగలేదు. గేమ్స్ మాత్రమే అయితే అన్ని వాట్లు తాగదు, రెండు టవర్ల కూలర్‌తో బయోస్‌లో వాట్ల హద్దు కాస్త దించుకుని హాయిగా నడపొచ్చు. మీ మదర్‌బోర్డు హద్దులన్నీ ఎత్తేసి ఉందేమో ముందు చూసుకోండి. చాలా బోర్డులు మన ప్రమేయం లేకుండానే అలా పెట్టేస్తాయి.

#11 మొదటిబిల్డ్

నిశ్శబ్దం గారూ, చప్పుడు సంగతి నేను అస్సలు ఆలోచించలేదు. టవర్ వైపు మొగ్గుతున్నాను. అయినా మనసులో ఉన్నది అడిగేస్తాను, నీళ్లు కారడం అనేది నిజంగా జరుగుతుందా? ఏఐఓ పెడితే గది కూడా తక్కువ వేడెక్కుతుందని ఒక ఫ్రెండ్ అన్నాడు, అది నిజమా?

#12 స్క్రూడ్రైవర్

తమ్ముడూ, గది మాట ముందు చెప్పేస్తాను. 88 వాట్లు పుడితే ఆ 88 వాట్లూ గదిలోకే వస్తాయి, గొట్టాల్లోంచి వచ్చినా రేకుల్లోంచి వచ్చినా. కూలర్ వేడిని మోస్తుంది, మాయం చేయదు. పైగా నీ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 220 వాట్లు. గదిని వేడెక్కించేది అది.

కారడం చాలా అరుదు. ఏఐఓలు పాడయ్యేది ఎక్కువగా వేరేలా. గొట్టాల్లోంచి నీరు ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ఆవిరై తగ్గుతుంది, లోపల గాలి చేరుతుంది, పంపు గరగరమంటుంది. లేదా పంపు ఆగిపోతుంది. పేరున్న మోడళ్లకు 5, 6 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు కాబట్టి అంతకాలం నిశ్చింతగా ఉండొచ్చు. తేడా ఎక్కడంటే, టవర్‌లో ఫ్యాన్ పోతే ఇంకో 120 మి.మీ. ఫ్యాన్ తగిలిస్తే అయిపోయింది. పంపు పోతే మొత్తం కూలరే మార్చాలి, అప్పటిదాకా మిషన్ మూలన పడుండాలి. పని కోసం వాడే పీసీకి అది చిన్న విషయం కాదు.

ఏఐఓ పెట్టేవాళ్లకి కూడా ఒక మాట. లోపలి గాలి ఎప్పుడూ అన్నిటికంటే ఎత్తున్న చోటికి చేరుతుంది. అక్కడ పంపు ఉండకూడదు. రేడియేటర్ పైన పెట్టడం ఉత్తమం. ముందు పెట్టాల్సి వస్తే దాని పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి, కుదిరితే గొట్టాలు కిందివైపు రావాలి. అడుగున మాత్రం వద్దు.

#13 నీలిఅల

స్క్రూడ్రైవర్ అన్న చెప్పింది కరెక్ట్. ఇంకోటి చూసుకోండి, 360 పడుతుందని రాసినంత మాత్రాన సరిపోదు. మామూలు రేడియేటర్ 27 మి.మీ., ఫ్యాన్ 25, మొత్తం 52. ఆర్కిటిక్ లిక్విడ్ ఫ్రీజర్ 3 రేడియేటరే 38, ఫ్యాన్లతో 63 మి.మీ. ఎత్తు ర్యామ్ ఉంటే పైన అది తగులుతుంది. 9700ఎక్స్‌కి, అదీ రికార్డింగ్ గదిలో, టవర్ తీసుకోమనే నేనూ అంటాను.

#14 మొదటిబిల్డ్

సరే, టవర్ ఖాయం. మూడు రాసుకున్నాను. నాక్చువా ఎన్‌హెచ్-డి15, డీప్‌కూల్ ఏకే620, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ. డి15 అన్నిటికంటే మంచిదంటున్నారు, అది తీసుకోనా? ర్యామ్ ఎత్తు కొలిచాను, 44 మి.మీ.

#15 రాగిగొట్టం

డి15 ఎత్తు 165. మీ క్యాబినెట్ హద్దు 160. క్యాబినెట్ పక్క అద్దం మూయలేరు, కాబట్టి డి15 వద్దు. ఏకే620 ఎత్తు సరిగ్గా 160. కాగితం మీద పడుతుంది. కానీ మదర్‌బోర్డు కింద స్టాండాఫ్‌లు (బోర్డుని ఎత్తి పట్టే చిన్న స్క్రూలు), క్యాబినెట్ రేకు వంపు, ఇలాంటివాటిలో ఒక మి.మీ. తేడా వచ్చినా అద్దం రాసుకుంటుంది. కనీసం 3, 4 మి.మీ. ఖాళీ ఉంచుకోవాలన్నది నా పద్ధతి. 120 ఎస్ఈ ఎత్తు 155.

ఇప్పుడు ర్యామ్. రెండు టవర్ల కూలర్‌లో ముందు ఫ్యాన్ ర్యామ్ స్లాట్ల మీదికి వస్తుంది. లైట్లు లేని మామూలు డీడీఆర్5 ముక్క 31, 32 మి.మీ. ఎత్తే, దాంతో ఏ గొడవా ఉండదు. మీది 44. ఫ్యాన్‌ని తీగ క్లిప్పులతో కాస్త పైకి జరిపి బిగించొచ్చు. కానీ జరిపినంత మేరా మొత్తం ఎత్తు పెరుగుతుంది. ఫ్యాన్ పై అంచు టవర్ అంచుతో సమానంగా ఉందనుకోండి, 5 మి.మీ. జరిపితే 155 కాస్తా 160. 8 జరిపితే 163, అద్దం మూతపడదు. కొలతలు విడివిడిగా చూస్తే అన్నీ పడతాయి, కలిపి చూస్తేనే ఇరకాటం బయటపడుతుంది.

మీకు కలిసొచ్చేది ఒకటుంది. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు ముక్కల ర్యామ్‌ని ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెడతారు. ప్రాసెసర్‌ని ఆనుకున్న మొదటి స్లాట్ ఖాళీ. కాబట్టి ఫ్యాన్‌కి తగిలితే రెండో స్లాట్‌లోని ముక్క ఒక్కటే తగలాలి. బోర్డు వచ్చాక సాకెట్ మధ్య నుంచి ఆ స్లాట్ దాకా స్కేలు పెట్టి కొలిచి, కూలర్ కంపెనీ ఇచ్చే బొమ్మలోని కొలతతో పోల్చుకోండి.

అప్పటికీ కుదరకపోతే రెండు దార్లు. ముందు ఫ్యాన్ తీసేసి మధ్య ఫ్యాన్ ఒక్కదానితో నడపడం, 88 వాట్లకి అది నిజంగానే సరిపోతుంది. లేదా డీప్‌కూల్ ఏకే400 లాంటి ఒకే టవర్ కూలర్, నాలుగు హీట్‌పైపులు (వేడిని మోసే రాగి గొట్టాలు), ఎత్తు 155. ఒక్క టవర్ కాబట్టి ర్యామ్ వైపు అంతగా చొచ్చుకురాదు. నా దృష్టిలో 9700ఎక్స్‌కి అది కూడా తక్కువేం కాదు.

#16 మొదటిబిల్డ్

ఇంత ఓపిగ్గా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండి. 120 ఎస్ఈ ఆర్డర్ పెడుతున్నాను. ఒక్క మాట, ఆ రాగి గొట్టాల్లో ఏముంటుంది? ఉత్త లోహమేనా?

#17 రాగిగొట్టం

నాకిష్టమైన ప్రశ్న అడిగారు. అవి బోలు గొట్టాలు. లోపలి గాలి తీసేసి, కొద్దిగా నీరు పోసి సీల్ చేస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ నీరు 100 డిగ్రీలు రాకుండానే మరుగుతుంది. ప్రాసెసర్ మీద ఉన్న కొసన ఆవిరై, రేకుల మధ్యనున్న చల్లటి కొసకి పరుగెడుతుంది. అక్కడ వేడి వదిలేసి మళ్లీ నీరవుతుంది. గొట్టం లోపలి గోడకి సన్నటి రాగి పొడి అంటించి ఉంటుంది. వత్తి నూనెని పీల్చినట్టు అది నీటిని మళ్లీ కిందికి లాగేస్తుంది. పంపు లేదు, మోటారు లేదు, ఏళ్ల తరబడి ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. గట్టి రాగి కడ్డీ కంటే ఇది ఎన్నో రెట్లు వేగంగా వేడిని మోస్తుంది. కాబట్టి టవర్ కూలర్‌లో కూడా పనిచేసేది నీళ్లే!

#18 స్క్రూడ్రైవర్

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి చెప్తాను. మంచి కూలర్‌ని కూడా బిగింపు పాడుచేస్తుంది.

మదర్‌బోర్డుని క్యాబినెట్‌లో పెట్టకముందే, దాని అట్టపెట్టె మీద పెట్టుకుని కూలర్ బిగించు. లోపల చేయి తిరగదు. అయితే పవర్ సప్లై నుంచి వచ్చే ప్రాసెసర్ కేబుల్ బోర్డు పై మూలకి వెళ్తుంది, పెద్ద టవర్ అడ్డున్నాక అక్కడికి వేళ్లు పోవు. ఆ దారి ముందే చూసుకో.

నీ బోర్డు సాకెట్ రకం ఏఎం5. అందులో సాకెట్ పక్కనున్న రెండు నల్ల ప్లాస్టిక్ పట్టీలు నాలుగు స్క్రూలు తీస్తే వచ్చేస్తాయి. వెనక ప్లేట్ మాత్రం సాకెట్‌కే బిగించి ఉంటుంది, దాన్ని కదపకు. ఈ కూలర్ ఆ ప్లేట్‌నే వాడుకుంటుంది.

కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే పీకేయ్. లైటు కింద ఏటవాలుగా పట్టి చూస్తే గానీ కనబడదు. అది ఉండిపోతే ఎంత మంచి కూలరైనా దిమ్మలా పడుంటుంది.

థర్మల్ పేస్ట్ పని ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు అనే రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంటలు పూడ్చడం, అంతే. ఆ గుంటల్లో గాలి ఉంటే వేడి పోదు, లోహాలతో పోలిస్తే గాలి వేడిని అస్సలు మోయదు. రాగి కంటే పేస్ట్ కూడా చాలా వెనకే, కాబట్టి మందంగా పూయకూడదు. మధ్యలో పెద్ద బఠాణీ అంత పెట్టి నాలుగు మూలలకీ చిన్న చుక్కలు పెట్టు. కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. ఏఎం5 ప్రాసెసర్ మూత చుట్టూ గాట్లుంటాయి, వాటిలోకి కొంచెం కారినా కంగారు పడకు. మామూలు పేస్ట్‌లో కరెంటు పారదు. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం పోకు, అందులో పారుతుంది.

మధ్య ఫ్యాన్ తీస్తేనే స్క్రూలు అందుతాయి. పొడుగు స్క్రూడ్రైవర్ కావాలి. ఒక వైపు పూర్తిగా బిగించి రెండో వైపుకి వెళ్లకూడదు. అటు రెండు తిప్పులు, ఇటు రెండు తిప్పులు, స్ప్రింగ్ స్క్రూ తనంతట తను ఆగేదాకా. ఆగాక ఇంకా బలం పెట్టకు.

ఫ్యాన్ ఎటు ఊదుతుందో చూసుకో. అడ్డకడ్డీలు, స్టిక్కర్ ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది. రెండు ఫ్యాన్లూ క్యాబినెట్ వెనక వైపుకే ఊదాలి. వై స్ప్లిటర్‌తో రెండిటినీ కలిపి బోర్డు మీద 'సీపీయూ ఫ్యాన్' అని ఉన్న పిన్నులకే తగిలించు. వేరేచోట తగిలిస్తే చాలా బోర్డులు ఆన్ చేయగానే ఫ్యాన్ లేదని ఎర్రర్ చూపిస్తాయి.

#19 చుక్కపేస్ట్

ఐదు చుక్కల కంటే ఎక్స్ ఆకారంలో గీతలు బెటర్, ఎన్నో టెస్టుల్లో తేలింది.

#20 స్క్రూడ్రైవర్

ఎక్స్ గీసినా మంచిదే. సరిపడా ఉండి మూతంతా పరుచుకుంటే ఆకారం వల్ల తేడా ఏమీ రాదు. తక్కువ పెడితేనే నష్టం.

#21 మొదటిబిల్డ్

వచ్చేసింది, బిగించేశాను, ఆన్ అయింది! బోర్డు మీద కొలిస్తే ముందు ఫ్యాన్‌ని 3 మి.మీ. మాత్రమే జరపాల్సి వచ్చింది. అద్దం మూతపడింది, వేలు పెడితే ఇంకా సన్నటి సందు తెలుస్తోంది.

గది 27 డిగ్రీలు. ప్రాసెసర్‌ని పూర్తిగా పనిచేయించే సినీబెంచ్ ఆర్23 పది నిమిషాల టెస్టు నడిపాను. వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 71, 72 డిగ్రీల దగ్గర నిలబడింది, పవర్ 88 వాట్లు దాటలేదు. సున్నాఒకటి గారు చెప్పింది అక్షరాలా కళ్ల ముందు కనిపించింది. గేమ్స్‌లో 60 పైన కొంచెం.

ఒక్క చికాకు మిగిలింది. ఏ పనీ లేనప్పుడు కూడా ఫ్యాన్లు ఉన్నట్టుండి హుష్షుమని లేచి మళ్లీ పడిపోతున్నాయి. బ్రౌజర్ తెరిస్తే చాలు. అప్పుడు టెంపరేచర్ 43 నుంచి 62కి ఎగిరి వెంటనే దిగిపోతోంది. బిగింపులో ఏమైనా తేడా ఉందా?

#22 నిశ్శబ్దం

లేదండీ, బిగింపు బాగుంది. తేడా ఉంటే సినీబెంచ్‌లో 72 రాదు. రైజెన్ల స్వభావమే అంత. ఒక్క కోరు క్షణంపాటు ఫుల్ స్పీడుకి వెళ్తే ఆ చిన్న ముక్క మీద సెన్సర్ వెంటనే 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. కూలర్ రేకులు మాత్రం అప్పటికింకా చల్లగానే ఉంటాయి. చల్లటి రేకుల మీద గాలి ఎంత ఊదినా లాభం లేదు. కాబట్టి ఆ ఎగుళ్లని ఫ్యాన్లు పట్టించుకోకుండా చేయాలి.

బయోస్‌లో ఫ్యాన్ సెట్టింగులకి వెళ్లండి. 65 డిగ్రీల దాకా 35 శాతం దగ్గర గీత అడ్డంగా ఉంచండి. 75కి 50, 85కి 75, 92 నుంచి 100. ఇంకా ముఖ్యమైనది, స్టెప్ అప్ టైమ్ అని గానీ డిలే అని గానీ ఒక ఆప్షన్ ఉంటుంది. స్పీడు పెంచేముందు కొన్ని సెకన్లు ఆగమని చెప్పేది అదే. పెరగడానికి 3 సెకన్లు, తగ్గడానికి ఇంకా ఎక్కువ పెట్టండి. క్యాబినెట్ ఫ్యాన్లని కూడా ఇలాగే సరిచేసుకోండి, లేకపోతే ఇవి ఊరుకున్నా అవి అరుస్తాయి.

#23 మొదటిబిల్డ్

అద్భుతం. ఇప్పుడు ఎడిటింగ్ చేస్తున్నంతసేపూ ఒకే స్థాయిలో, ఉందా లేదా అన్నట్టు నడుస్తోంది. రెండర్ పెడితే మెల్లగా పెరిగి అక్కడే ఉంటుంది. వాయిస్ రికార్డ్ చేసి హెడ్‌ఫోన్‌లో విన్నాను, నా ఊపిరే ఎక్కువ వినిపించింది.

బయోస్‌లో తిరుగుతుంటే 105 వాట్ల టీడీపీ అనే ఆప్షన్ కనిపించింది. ఆన్ చేయొచ్చా? వారంటీ పోతుందా?

#24 సున్నాఒకటి

వారంటీకి ఏమీ కాదు. 9600ఎక్స్, 9700ఎక్స్‌లకి ఏఎండీ తర్వాత ఇచ్చిన బయోస్ అప్‌డేట్‌తో అధికారికంగా వచ్చిన ఆప్షనే అది. పీపీటీ 88 నుంచి 142కి పెరుగుతుంది. అన్ని కోర్లూ వాడే పనుల్లో, అంటే బ్లెండర్ సీపీయూ రెండర్ లాంటి వాటిలో కొంత లాభం కనిపిస్తుంది. గేమ్స్‌లో దాదాపు ఏమీ ఉండదు, అవి ఆ 88 వాట్లనే పూర్తిగా వాడవు. డావిన్చీలో ఎక్కువ భారం మీ గ్రాఫిక్స్ కార్డు మీదే పడుతుంది.

టెంపరేచర్ మాత్రం 72 నుంచి 80 పైకి వెళ్తుంది, ఫ్యాన్ కూడా ఆ మేరకు పెరుగుతుంది. మీ కూలర్ దాన్ని మోయగలదు. కానీ అంత చప్పుడు అంత లాభానికి తగదని నా అభిప్రాయం. పెద్ద రెండర్ రాత్రంతా పెట్టి పడుకునే రోజున ఆన్ చేసుకోండి, మిగతా రోజుల్లో 65 దగ్గరే ఉంచండి.

#25 మొదటిబిల్డ్

అలాగే చేస్తాను. ఆఖరి ప్రశ్న, పేస్ట్ ఎన్నాళ్లకోసారి మార్చాలి?

#26 స్క్రూడ్రైవర్

తారీఖు పెట్టుకుని మార్చక్కర్లేదు తమ్ముడూ. ఇవాళ్టి అంకెలు రాసి పెట్టుకో, గది 27, సినీబెంచ్ 72 అని. ఏడాదికోసారి అదే టెస్టు పెట్టు. గది పది డిగ్రీలు వేడిగా ఉంటే ప్రాసెసర్ కూడా దాదాపు పది పెరుగుతుంది, అది తీసేసి లెక్కేసుకో. అప్పటికీ ఏడెనిమిది డిగ్రీలు ఎక్కువొస్తే ముందు రేకుల మధ్య దుమ్ము దులుపు. దులిపేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకో, గాలికి ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వకు. చాలాసార్లు దాంతోనే సరిపోతుంది. తగ్గకపోతేనే పేస్ట్.

కూలర్ తీసేముందు మిషన్‌ని కాసేపు వాడు, పేస్ట్ వెచ్చబడి మెత్తనవుతుంది. స్క్రూలు విప్పాక నిటారుగా లాగకుండా అటూ ఇటూ కొంచెం తిప్పి తీయి. పాత ఏఎం4 సాకెట్‌లో అయితే ప్రాసెసర్ కూడా కూలర్‌కి అంటుకుని సాకెట్‌లోంచి ఊడొచ్చేది, ఏఎం5లో పైన లోహపు పట్టీ ఉంటుంది కాబట్టి ఆ బెడద లేదు. ఊడదీసిన ఆ నల్ల ప్లాస్టిక్ పట్టీలు, మిగిలిన స్క్రూలు, ఇంటెల్ బిగింపు ముక్కలు అన్నీ ఒక కవర్లో వేసి మదర్‌బోర్డు పెట్టెలోనే ఉంచు. రేపు బోర్డు మార్చినా కూలర్ ఇదే వాడుకోవచ్చు.